శివారు గేజి

మా ఊళ్ళో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలీదు. "కంప్యూటర్లో గళ్ళు గీస్తుందండి మా అమ్మాయి" అని అమ్మ అందరికీ చెబుతుంది. అదేమంత అబద్ధం కాదు. హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంట్లో కూర్చుని పని చేస్తాను. ఎవరి దగ్గరో గుట్టలుగా పడి ఉన్న లెక్కల్ని మనిషి కంటికి ఆనేలా పట్టికల్లోకి సర్దడం, కావలసిన వరసలు ఏరుకోవడానికి, అక్కర్లేనివి పక్కన పెట్టుకోవడానికి మీటలు కట్టడం నా పని. మందుల గోదాముల లెక్కలు చూశాను, బస్సుల రాకపోకల లెక్కలు చూశాను, ఎక్కడో చలిదేశంలో లైబ్రరీ పుస్తకాల లెక్కలు కూడా చూశాను. ఏవీ నావి కావు గనక ఏవీ నన్ను ఏడిపించలేదు.

మా ఊరు నరసాపురానికి దిగువన, కాలువకి చిట్టచివర. అలాంటి ఊళ్ళని శివారు అంటారు. ఆనకట్ట దగ్గర వదిలిన గోదారి నీళ్ళు ఎన్నో లాకుల తలుపులు దాటుకుని, ఎందరి పొలాలో తడుపుకుని, ఇంకా మిగిలి ఉంటే మా దగ్గరికొస్తాయి. సార్వాకి, అంటే తొలి పంటకి, వానలుంటాయి గనక ఎలాగో గట్టెక్కుతాం. ఆ తరవాత వేసే రెండో పంట, దాళ్వాకే వస్తుంది తంటా. మార్చి నెలలో చేను పొట్ట మీద ఉండి నీళ్ళ కోసం అంగలారుస్తున్నప్పుడు పొలానికి నీళ్ళు తెచ్చే మా పంటబోదెలో కప్ప తడవడానికి కూడా నీళ్ళుండవు.

నాన్నకి నాలుగెకరాలు. చుట్టూ మూడు వైపులా ఉన్న పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఆ ఉప్పునీరు గట్ల కిందనుంచి మా మట్టిలోకి దిగుతూనే ఉంటుంది. పైన మంచినీళ్ళు కడుతూ ఉంటేనే ఆ ఉప్పు అణిగి ఉంటుంది. అలాంటిది రెండు దాళ్వాలు వరసగా ఎండిపోయాయి. చెరువులు వేసే ఒకాయన మా గుమ్మంలోకొచ్చి, "మీరెప్పుడంటే అప్పుడేనండి, తొందరేం లేదండి" అని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్తుండేవాడు. చివరికి ఒకరోజు అన్నం తింటూ నాన్న అన్నాడు: "ఈ దాళ్వాకి కూడా నీళ్ళు రాకపోతే పొలం ఆయనకిచ్చేస్తానమ్మా. ఒకసారి చెరువైతే మళ్ళీ పొలం కాదు. తెలిసే అంటున్నాను." నాన్న ఒక మాటంటే ఇంక అంతే. ఆ పూట అమ్మ ఎవరికీ పెరుగు వడ్డించలేదు, మేమూ అడగలేదు.

ఆ వానాకాలంలోనే కాలువల ఆఫీసు నుంచి ఒక కబురొచ్చింది. శివారు కాలువల్లో దేనికి నిజంగా నీళ్ళు అందడం లేదో తేల్చి, దానికి పూడిక తీయిస్తారట. దాళ్వాలో మొదటి వంతు నీళ్ళు కూడా దానికేనట. నాన్న పరుగున వెళ్ళాడు. అక్కడి ఇంజనీరు గారు, "నోటిమాటలు అందరూ చెబుతారండి, లెక్క చూపించండి" అన్నారట. లెక్క అంటే గేజి పుస్తకాలు. ప్రతి లాకు దగ్గరా, ప్రతి కాలువ చివరా, అడుగులూ అంగుళాలూ చెక్కిన రాయి ఒకటి నీళ్ళలో నిలబెట్టి ఉంటుంది. దాన్నే గేజి అంటారు. కాలువ మీద పనిచేసే లస్కరు రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ రాయి మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. అలా ఏళ్ళ తరబడి రాసిన పుస్తకాలు లాకు పక్క గదిలో మూటలు కట్టి ఉన్నాయి. వాటిని ఫోనుతో ఫొటోలు తీసుకోవడానికి ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు.

"లెక్కలు చూపించడమంటే నీ పనే కదమ్మా," అన్నాడు నాన్న ఇంటికొచ్చి. నా ఉద్యోగం ఏమిటో ఆయనకి ఆ రోజే అర్థమైంది. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి. ఇన్నేళ్ళూ ఊరందరి పెళ్ళిళ్ళకీ భజంత్రీలు వాయించి, మొదటిసారి మా ఇంటి పెళ్ళికి వాయిస్తున్నట్టు ఉంది.

ఆగస్టులో మొదలుపెట్టాం. మధ్యాహ్నం నా మీటింగులు అయిపోయాక వరండాలో కూర్చుని ఆయన చదివేవాడు, నేను కొట్టేదాన్ని. లస్కరు చేతిరాతని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా చదవలేకపోయింది. నాలుగుని తొమ్మిది అనేది. నాన్న చదవడంలో ఆలస్యం తప్ప తప్పు లేదు. ఆలస్యం ఎందుకంటే ప్రతి తేదీకీ ఆయన దగ్గర ఒక కథ ఉంది. "మూడడుగుల రెండంగుళాలు. ఆ రోజేనమ్మా మీ మేనత్తకి నొప్పులొచ్చాయి, పంటు దాటిపోతే, అది మళ్ళీ ఈ ఒడ్డుకి వచ్చేదాకా రేవులో గంటసేపు కూర్చున్నాం." "రెండడుగుల పది. ఆ వారమే మన ఊడ్పులు." నేను విసుక్కునేదాన్ని. "నాన్నా, అంకె చెప్పు చాలు." రెండు అంకెలు బుద్ధిగా చెప్పి, మూడోదానికి మళ్ళీ కథలోకి జారిపోయేవాడు.

వారానికోసారి చుట్టుపక్కల శివారు రైతుల వాట్సాప్ గ్రూపులో అప్‌డేటు పెట్టేదాన్ని. కంపెనీలో పట్టుకున్న అలవాటు. "వెర్షన్ రెండు: ఏ లాకు కావాలంటే ఆ లాకు విడిగా చూడొచ్చు" అని పెడితే ఎనిమిది దండాలు, ఒక గులాబీ పువ్వు గుడ్‌మార్నింగు వచ్చాయి. "వెర్షన్ మూడు: ఏడాదినీ నెలనీ ఎంచుకోవచ్చు" అంటే ఒకాయన, "సూపరమ్మా. నీళ్ళెప్పుడొస్తాయి?" అని అడిగాడు. "వెర్షన్ నాలుగు: ఇప్పుడు ఇంకా వేగంగా వస్తుంది" అని పెట్టాను. "నీళ్ళా అమ్మా?" అని జవాబు. ఒళ్ళు మండిపోయింది. లింకు ఎంతమంది నొక్కారో నాకు తెలుస్తుంది. నేను, నాన్న, పొరపాటున చెయ్యి తగిలిన ఇంకెవరో.

ఆ పుస్తకాలు రాసిన లస్కరు రిటైరై కాలువ గట్టు మీదే చిన్న ఇంట్లో ఉంటున్నాడు. నాన్నకంటే రెండేళ్ళు పెద్ద. నాన్న ఒకరోజు ఆయన్ని మా ఇంటికి పిలుచుకొచ్చి, కుర్చీ వేయించి, స్క్రీను మీద ఆయన రాసిన పేజీ ఫొటో చూపించాడు. "మీ చేతిరాత ముత్యాలండి. మీ పుస్తకమే ఇప్పుడు మాకు దిక్కు," అన్నాడు. ఆయన మొహం ఎందుకో వెలగలేదు. ఏదో అనబోయాడు. ఈలోగా అమ్మ కాఫీ తెచ్చింది. "ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరూ రావాలండి. రాసినవారు పక్కనుంటే లెక్కకి బలం," అన్నాడు నాన్న. "అలాగేనండి," అన్నాడాయన. మా వైపు అలాగేనండి అన్న మాటకి అర్థం వినేవాడి అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

పై లాకుల పుస్తకాలన్నీ పూర్తయ్యాక మా శివారు గేజి పుస్తకాలు మిగిలాయి. అప్పటికి సార్వా చేను పండింది, నాన్న పొద్దస్తమానం పొలంలో ఉండేవాడు. ఫొటోలు చూసుకుంటూ నేనొక్కదాన్నే కొట్టాను. పేజీ మొదట్లో ఒక అంకె ఉంది, దాని కింద పైదే అన్నట్టు రెండు చిన్న గీతలు, ఆ కింద మళ్ళీ రెండు గీతలు, పేజీ అడుగు దాకా అంతే. ఇలాంటివి వస్తే మేం పైగడిని పట్టుకుని కిందికి లాగేస్తాం, మిగతావి కంప్యూటరే నింపుకుంటుంది. ఏళ్ళకి ఏళ్ళు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. పని త్వరగా తెమిలిందని సంతోషించాను, బుద్ధి లేకుండా.

మర్నాడు అసలైన మీట కట్టాను. కాలువ నిండుగా పారుతున్నప్పుడు గేజి రాయి మీద నీళ్ళు ఎంత ఎత్తు ఉండాలో దాన్ని నిండు మట్టం అంటారు. నీళ్ళు అంతకంటే తక్కువగా ఉన్న రోజులు మాత్రమే ఏరి చూపించే మీట అది. దానికి "తక్కువ నీళ్ళ రోజులు" అని పేరు పెట్టాను. ఇంజనీరు గారి ముందు నొక్కాల్సింది ఇదొక్కటే. పై లాకుకి నొక్కి చూశాను. వరసలు జలజల రాలాయి. మా శివారుకి నొక్కాను. "వరసలు ఏవీ లేవు" అని వచ్చింది.

తప్పు నాదే అనుకున్నాను. ఈ వృత్తిలో మొదట నేర్చుకునేది అదే, లెక్కని అనుమానించకు, నువ్వు రాసిందాన్ని అనుమానించు అని. అడుగుల్ని అంగుళాల్లోకి మార్చిన చోట పొరపాటేమోనని, తేదీలు తలకిందులయ్యాయేమోనని రెండు రోజులు వెతికాను. కంపెనీ మీటింగులో ఎవరో నన్నేదో అడిగితే "శివారు" అని జవాబిచ్చాను. చివరికి రెండు గేజిలకీ గీతలు గీసి చూశాను. పై లాకు గీత ఎగుడుదిగుడుగా ఉంది. మా శివారు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

నా చిన్నప్పుడొక దాళ్వాలో చేను మొత్తం ఎండిపోయింది. బీటలు వారిన మడిలో గొంతుక్కూర్చుని నాన్న ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ ఏడాదే. ఆ ఏడాది మార్చి తెరిచాను. ఒకటో తారీకు, నిండు మట్టం. రెండో తారీకు, నిండు మట్టం. ముప్ఫై ఒకటో తారీకు దాకా నిండు మట్టమే. అప్పుడు నాకు భయమేసింది.

లస్కరు ఇంటికి వెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. ఆయన గట్టు మీద, వానలకి చెమ్మగిల్లిన చింతపండు ఎండబెడుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచాడు. "చూశారా అమ్మాయిగారూ," అన్నాడు, నేనేమీ చెప్పకముందే.

"నీళ్ళు లేని రోజు కూడా నిండుగా ఉన్నాయని రాశారేంటి బాబాయ్ గారూ?"

"అప్పట్లో పైన ఒక ఆఫీసరు గారుండేవారండి. నీళ్ళు చేరని శివారుకి దాళ్వా ఇయ్యడం దండగ, అలాంటి కాలవల్ని లిస్టులోంచి తీసెయ్యండి అన్నారండి. మీ ఊరోళ్ళు గోలెత్తిపోయారండి. నలుగురైదుగురు కలిసి నా దగ్గరికొచ్చారండి. ముందర నిలబడింది మీ నాన్నగారేనండి. అరటిగెల మోసుకొచ్చారు. నీళ్ళు నిండా వొస్తన్నాయని రాయండి, లేపోతే మాకు దాళ్వా పోద్ది అన్నారండి. రాశానండి."

"ఒక్క ఏడాదికి రాశారు. తరవాత?"

"ఒక్కేడాదనే అన్నారండి. కానండి, నిరుడు నిండుగా ఉందని రాసి ఈయేడు తక్కువని రాస్తే, మధ్యలో నీళ్ళేమయ్యాయిరా అని నాకు మెమో ఇస్తారండి. తూములు నేనే తిప్పేసుకున్నానంటారండి. అందుకని అదే రాసుకుంటా పోయానండి. నా తరవాత వొచ్చినోళ్ళు నా పుస్తకం చూసి వాళ్ళూ అదే రాశారండి. ఆయ్."

"మరి మా ఇంటికొచ్చినప్పుడు చెప్పలేదేం?"

"చెబుదామనే వొచ్చానండి. మీ నాన్నగారు కాఫీ ఇచ్చి, మీ చేతిరాత ముత్యాలండి అన్నారు. ఇంక నోరు పెగల్లేదండి."

తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాన్న అడ్డొచ్చాడు, నాన్న మీద తెచ్చుకుందామంటే ఎండిన చేను అడ్డొచ్చింది. వచ్చేటప్పుడు ఆయన ఒక కాగితంలో చింతపండు చుట్టి చేతిలో పెట్టాడు. వద్దనలేక తెచ్చుకున్నాను.

నాన్న పొలం నుంచి వచ్చి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. అక్కడే నిలబెట్టి అడిగాను. ఆయన చాలాసేపు కాళ్ళు కడిగాడు. బురద ఎప్పుడో పోయింది, నీళ్ళు మాత్రం పోసుకుంటూనే ఉన్నాడు.

"ఒక్క ఏడాదికేనమ్మా నేనడిగింది. తరవాత ఉన్నదున్నట్టే రాస్తున్నాడనుకున్నాను," అన్నాడు. "అప్పుడు నీళ్ళొస్తున్నాయంటేనే నీళ్ళిచ్చేవాళ్ళు. ఇప్పుడు రావడం లేదంటే ఇస్తామంటున్నారు. ఇలా తిరగబడుతుందని మాకేం తెలుసు?"

"ఇప్పుడైనా నిజం చెప్పేద్దాం."

"చెబితే ఆయన దొంగలెక్క రాశాడనేగా తేలేది? రిటైరైనా వదుల్తారా? ఆ పెన్షను మీదే మొగుడూ పెళ్ళాం బతుకుతున్నారు. రాయించిన నేను పొలం కాపాడుకుని, రాసినాయన్ని వీధిలో పడెయ్యనా?"

ఆయన తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆఫీసుకి రమ్మన్న తేదీ దగ్గరికొచ్చింది. పై లాకుల్లో నీళ్ళు తక్కువున్న రోజులు చూపిస్తే సరిపోతుందేమో, అడగరేమో అని ఇద్దరం ఎవరికి వారు అనుకున్నాం, పైకి అనలేదు. వెళ్ళే రోజు పొద్దున్న నేనొక పని చేశాను. మా శివారు గేజి పట్టికలో కనపడకుండా చేశాను. దానికి ఒక్క లైను మార్చితే చాలు. గ్రూపులో అప్‌డేటు పెట్టాను, "వెర్షన్ తొమ్మిది: చిన్న చిన్న సవరణలు" అని. మా వృత్తిలో చెప్పకూడనిది ఏదైనా ఉంటే ఆ మాటే రాస్తాం. నాన్న పుస్తకంలో లేని నీళ్ళు పోయించాడు, నేను ఉన్న గేజినే మాయం చేశాను. తండ్రికి తగ్గ కూతుర్ని.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. లస్కరు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని లాకు దగ్గర మాకోసం నిలబడి ఉన్నాడు. "ఆయన్నెందుకు నాన్నా ఇంకా?" అని ముందురోజే అడిగాను. "రమ్మని చెప్పి ఇప్పుడు వద్దంటే ఏమనుకుంటాడు," అన్నాడు నాన్న. కొంప మునుగుతున్నా మాకు మర్యాద ముఖ్యం. నాకది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

ఇంజనీరు గారు మంచి మనిషి. చెడ్డవాడైతే నాకు కొంచెం సుఖంగా ఉండేది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, మీటలన్నీ నొక్కి చూసి, "ఎంత బాగా చేశారమ్మా, మా దగ్గర కూడా ఇలాంటిది లేదు," అని పక్క గదిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించారు. ఆ పట్టికని మెచ్చుకున్నవాళ్ళు లోకం మొత్తం మీద వాళ్ళే. పై లాకులో నీళ్ళు తక్కువున్న రోజులన్నీ ఓపిగ్గా చూశారు. తరవాత అడిగారు: "మరి మీ శివారు గేజి ఏదమ్మా?"

నేను నీళ్ళు నమిలాను. ఆయన, లాకు గదినుంచి ముందే తెప్పించి ఉంచుకున్న అసలు పుస్తకాన్ని గుమాస్తా చేత బీరువాలోంచి తీయించారు. నాలుగు పేజీలు తిప్పారు. ఇంకో నాలుగు తిప్పారు. పుస్తకం మా వైపు తిప్పి పెట్టి, "ఇది ఎక్కించలేదేంటి?" అన్నారు. గొంతులో కోపం లేదు.

"ఆ లెక్కలు తప్పండి," అన్నాను. "పైన లాకులో రెండడుగులు కూడా లేని రోజున కింద శివారులో నిండుగా ఎలా ఉంటాయండి? మీరే చూడండి."

"నాకూ అదే అనిపిస్తోందమ్మా. కానీ నాకనిపిస్తే సరిపోదు. ఈ లెక్క తప్పని రైతులు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఎవరు రాశారో, ఎందుకు రాశారో విచారణ వేస్తాను. తప్పని తేలితే ఈ దాళ్వాకే మీ కాలువని లిస్టులో పెడతాను, పూచీ నాది." ఆయన ఒక తెల్లకాగితం, పెన్ను బల్ల మీద నాన్న ముందుకి జరిపారు.

లస్కరు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కళ్ళు నేల మీద పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు. వద్దని బతిమాలితే బావుండేది. నేనే రాశానండి అని తనే ముందుకొచ్చినా బావుండేది. రెండూ చెయ్యలేదు. నాన్న ఆయన వైపు చూడనే లేదు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు, దాని మూత తీశాడు. రాయి నాన్నా, రాయి, అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆ ముసలాయన పెన్షను గానీ, ఆయన ఇల్లాలు గానీ గుర్తు రాలేదు. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాన్న పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు. "లేదండి," అన్నాడు. "లెక్క సరైందేనండి. సముద్రం దగ్గరండి మాకు. పోటుకి నీళ్ళు వెనక్కి ఎగదన్నుతాయండి. అందుకని మా గేజి దగ్గర ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అమ్మాయికి తెలీక తప్పన్నదండి."

ఇంజనీరు గారు నాన్న మొహంలోకి చూశారు. పోటు నీళ్ళు మా బోదెలోకి రావని ఆయనకి తెలుసు, తెలుసని నాన్నకీ తెలుసు. "ఆలోచించుకుని చెప్పండి, రేపు వచ్చినా పరవాలేదు," అన్నారు. "అదేనండి మాట," అన్నాడు నాన్న. పుస్తకం మూసేశారు.

అదే ఆటోలో తిరిగొచ్చాం. లాకు దగ్గర లస్కరు దిగి, "వొస్తానండి," అన్నాడు. "మంచిదండి," అన్నాడు నాన్న. అంతే. నాలుగెకరాల పొలం ఆ రెండు మాటల మధ్యలోంచి పోయింది. ఒక దండం లేదు, ఒక కన్నీటిచుక్క లేదు. ఇంటికెళ్ళాక నేను అమ్మ మీద అరిచాను, కూర చల్లారిపోయిందని. అమ్మ గిన్నె తీసుకెళ్ళి కూర వెచ్చబెట్టి తెచ్చింది. శివారు గేజిని మళ్ళీ పట్టికలో పెట్టేశాను. అబద్ధమైనా అది వాళ్ళ అబద్ధం, దాచే హక్కు నాకు లేదనిపించింది.

లిస్టు వచ్చింది. అవతలి ఊరి కాలువకి పూడిక తీశారు. మా కాలువకి ఆ దాళ్వా నుంచి నీళ్ళు ఆపేశారు. కింద ఎలాగూ పొలాలు లేవు, అన్నీ చెరువులే అన్నారు. నాన్న పొలం ఒకటుంది అని చెప్పడానికి ఎవరూ వెళ్ళలేదు. సార్వా కోతలైన పది రోజులకి నాన్న తనే ఆ చెరువులాయనకి ఫోను చేసి రమ్మన్నాడు. పొక్లెయిన్ ఒక్కటే వచ్చింది. మా తాత చేతుల మీదుగా చదునైన మట్టంతా రెండు రోజుల్లో నాలుగు గట్లై కూర్చుంది. తరవాత మోటారు పెట్టి ఉప్పునీళ్ళు తోడారు. నేను ఆ రెండు రోజులూ సెలవు పెట్టకుండా కంపెనీ పని చేశాను, ఎవరిదో గోదాము లెక్క. చాలా బాగా చేశానని మెచ్చుకున్నారు కూడా.

జనవరిలో ఒక పొద్దున నాన్న వరండాలో కూర్చుని ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. ఆయనకి పొద్దున్నే వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది. వార్తలేమో అనుకుని పక్కన కూర్చున్నాను. తెరిచి ఉన్నది నా పట్టిక. మా శివారు గేజి. వేలితో మెల్లగా పైకి జరుపుకుంటున్నాడు.

"ఎన్ని నీళ్ళమ్మా," అన్నాడు. వెటకారానికి అన్నాడేమోనని మొహం చూశాను. కాదు. "ఇన్ని నీళ్ళుంటే మనకి ఎకరానికి ఎన్ని బస్తాలు పండేవో!"

ఆయన వేలు చివరి వరస దాకా వెళ్ళి ఆగింది.

"ఇందులో ఈ ఏడాది లేదేంటి?" అన్నాడు.

"ఎవరూ రాయడం లేదు నాన్నా. నీళ్ళాపేశారుగా, గేజి చూసే మనిషి కూడా లేడు."

"నువ్వు రాయమ్మా," అన్నాడు.

"ఏమని?"

"నిండు మట్టమని."

ఇలాంటివి చెయ్యకూడదు. లేని లెక్క సృష్టించడం మా వృత్తిలో చెయ్యరాని పనుల్లో మొదటిది. పుట్టి మునిగింది కూడా అలాంటి లెక్కతోనే. అదంతా చెబుదామని ఆయన వైపు తిరిగాను. ఆయన అప్పటికే గోడ మీద క్యాలెండరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఆయన ఒక్కో తేదీ చదివాడు, నేను ఒక్కో గడిలో రాశాను. ఊడ్పుల వారం, కలుపుల వారం, చేను పొట్టకొచ్చే రోజులు, అన్నీ ఆయన తేదీలతో సహా చెబుతున్నాడు. ఏ రోజూ నీళ్ళు తగ్గనివ్వలేదు. ఏప్రిల్ మొదటివారం దాటుతుండగా నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంక చాలమ్మా," అన్నాడు. "చేను ఆరాలి. కోతలున్నాయి."